మొంథా తుఫాను గాలికి కారు ముందద్దం పోయింది, ఇంటికొచ్చి మార్చేవాళ్ళతో వేయించుకోవచ్చా?

వైనతేయ ఒడ్డు
2025 నవంబరు 2, ఆదివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం అండి. మాది మామిడికుదురు దగ్గర పల్లె. మొన్న 28 రాత్రి తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా పెరట్లో కొబ్బరిమట్ట ఒకటి, దాంతోపాటు నాలుగు కాయలు కారు మీద పడ్డాయి. సాయంత్రమే బండిని చెట్ల కింద నుంచి తీసి అరుగు పక్కన పెట్టాను. ఆ గాలికి మట్ట అంత దూరం ఎగిరొస్తుందని అనుకోలేదు. బానెట్టు మీద సొట్ట పడింది, వైపరు ఒకటి వంగింది, ముందద్దం డ్రైవరు వైపు సాలెగూడులా పగిలింది. రాలి కింద పడలేదు. లోపలి నుంచి చేత్తో తడిమితే నున్నగానే ఉంది.

మా ఆయన కువైట్‌లో ఉంటారు, బండి నేనే నడుపుతాను. అత్తయ్యగారికి కిందటి నెల శుక్లం ఆపరేషను అయింది. 7వ తేదీ శుక్రవారం కాకినాడ తీసుకెళ్ళి చూపించాలి. ఈ అద్దంతో అమలాపురం, ఎదుర్లంక, యానాం మీదుగా అంత దూరం నడిపే ధైర్యం లేదు. అమలాపురంలో ఒకాయన ఇంటికే వచ్చి వేస్తారని చెప్పారు. ఫోన్ చేస్తే గంటన్నరలో అయిపోద్ది అన్నారు. అంత తొందరగా అయ్యే పనేనా? ఇంటి దగ్గర వేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి. బండి 2018 మోడలు చిన్న కారు, 2022 జనవరిలో సెకండ్ హ్యాండులో కొన్నాం.

రావులపాలెం టాక్సీ
నవంబరు 2, ఉదయం 8:25

అక్కా, ఆ బండిని రోడ్డెక్కించకండి. పొద్దున ఎండ ఎదురుగా కొడితే ఆ సాలెగూడు మొత్తం తెల్లగా మెరిసి ముందున్న సైకిలు కూడా కనపడదు. ముందు బయటి నుంచి వెడల్పు ట్రాన్స్‌పరెంట్ టేపు అంటించి, పైన టార్పాలిన్ కప్పండి. పగుల్లోకి నీళ్ళు దిగకూడదు.

ఇంకోటి, ఫాస్టాగ్ ఆ అద్దానికే ఉంటుంది కదా. పాత అద్దం పట్టుకెళ్ళిపోయే ముందు దాని మీద నంబరు ఫొటో తీసుకోండి. దాని సంగతి తర్వాత చెప్తాను, కిరాయి మీద ఉన్నాను.

తణుకు మెకానికల్
నవంబరు 2, ఉదయం 9:05

ఎవరేం చెప్పినా కంపెనీ సర్వీసు సెంటరులోనే వేయించండి. టో బండి మీద పంపండి. ఇంటి ముందు దుమ్ములో, కోళ్ళ మధ్యలో చేసే పని కాదది.

కాకినాడ గ్లాసు మేస్త్రి
నవంబరు 2, మధ్యాహ్నం 1:50

అమ్మా, నేను పదిహేడేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. షాపులోనూ వేస్తాను, ఇళ్ళ దగ్గరికెళ్ళీ వేస్తాను. తణుకు వారు అన్నదాంట్లో సగం నిజముంది. దుమ్ములో, వానలో వేయకూడదు. కానీ మీకు నాలుగు వైపులా గాలివాన కొట్టని షెడ్డు ఉంటే, నేల చదునుగా ఉంటే, ఇంటి దగ్గర వేసిన అద్దం సర్వీసు సెంటరులో వేసినదానికి ఏమాత్రం తీసిపోదు. ఆరుబయట కానుగచెట్టు కింద నిలబెట్టి వేసే షాపులూ ఉన్నాయి. పని ఎక్కడ జరిగిందన్నదానికన్నా జిగురు ఎలా పెట్టారన్నది ముఖ్యం.

గంటన్నర అన్నారు చూశారా, అది అద్దం తీసి పెట్టడానికి పట్టే టైము. బండి నడపడానికి ఆ పైన ఆగాలి. ఈ అద్దాన్ని పట్టుకునేది పియు జిగురు, అంటే పాలీయురెథేన్. అది గాలిలో తేమని పీల్చుకుని గట్టిపడుతుంది. మన కోనసీమ గాలిలో తడికి లోటు లేదు కాబట్టి ఇక్కడ తొందరగానే గట్టిపడుతుంది. కానీ దాంతోనే ఇంకో చిక్కు. పాల మీద మీగడ కట్టినట్టు జిగురు మీద పొర కూడా తొందరగా కడుతుంది. పొర కట్టాక అద్దం పెడితే చూడ్డానికి అంటినట్టే ఉంటుంది, లోపల అంటదు. అందుకని జిగురు తీగ తిప్పడం మొదలుపెట్టాక మేస్త్రిని ఎవరూ పలకరించకూడదు, టీ ఇవ్వకూడదు, ఫోన్ ఎత్తనివ్వకూడదు. నాలుగు వైపులా తిప్పెయ్యాలి, వెంటనే అద్దం కూర్చోబెట్టెయ్యాలి.

ఎంతసేపు ఆగాలన్నది జిగురుని బట్టి ఉంటుంది. గంటలో నడపొచ్చనే రకాలున్నాయి, ఆరేడు గంటలు ఆగాల్సినవీ ఉన్నాయి. ట్యూబు మీదో, దాంతో వచ్చే కాగితంలోనో రాసి ఉంటుంది. చదివి వినిపించమనండి. ఎక్స్‌పైరీ తేదీ కూడా చూడండి, పాతబడిన ట్యూబు పనికిరాదు.

ఇంత చాదస్తం ఎందుకంటారా? ముందద్దం గాలి ఆపడానికి ఒక్కటే కాదమ్మా. పక్క సీటు ఎయిర్‌బ్యాగు పేలినప్పుడు ఆ అద్దాన్ని ఆనుకునే మనిషి వైపు తిరుగుతుంది. అద్దం ఊడొచ్చిందంటే బ్యాగు బయటికి పోతుంది. బండి బోల్తా పడితే పైకప్పు నలగకుండా ఆపేదాంట్లో అద్దం వాటా ఉంది.

వైనతేయ ఒడ్డు
నవంబరు 2, సాయంత్రం 4:15

చాలా థాంక్స్ అండి మేస్త్రిగారూ. ఎయిర్‌బ్యాగు సంగతి నాకు తెలీనే తెలీదు. షెడ్డు ఉందండి, ధాన్యం బస్తాలు పెట్టుకునేది, మూడు వైపులా గోడ, కింద గచ్చు. బస్తాలు జరిపిస్తాను. అద్దం రాలకుండా ఎందుకు నిలబడిందో కూడా చెప్పరా? మా పాప అడుగుతోంది.

కాకినాడ గ్లాసు మేస్త్రి
నవంబరు 2, సాయంత్రం 5:30

పాపకి చెప్పండి, అది ఒక అద్దం కాదు, రెండు. మధ్యలో పీవీబీ అనే సాగే పొర ఉంటుంది. అద్దం పగిలినా ముక్కలు ఆ పొరకి అతుక్కుని ఉండిపోతాయి. డోరు అద్దాలు వేరు, అవి కాల్చి బిగించినవి, దెబ్బ తగిలితే పటికబెల్లం పలుకుల్లా పొడిపొడిగా రాలతాయి. ముందు వేసేది మాత్రం లామినేటెడ్‌దే అయ్యుండాలి, మూలన ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అని ఉండాలి. ఆసాహి ఇండియా గానీ సెయింట్ గోబైన్ గానీ, ఏ కంపెనీదైనా ఆ ముద్ర చూసి తీసుకోండి.

ఇంకొక్క పని చేయండి. మీ పాత ముందద్దం మూలనున్న ముద్ర, డోరు అద్దాల ముద్రలు ఫొటో తీసి పెట్టండి.

గోదారి లారీ
నవంబరు 2, రాత్రి 8:10

ఈ పియు గొడవ లేని రోజుల్లో నేను లారీ క్లీనరుగా చేరాను. అంబాసిడరుకైనా లారీకైనా అద్దం చుట్టూ రబ్బరు బీడింగు ఉండేది. బీడింగు గాడిలో పురికొస పెట్టి, సబ్బునీళ్ళు రాసి, ఒకడు బయట నుంచి అరచేతుల్తో నొక్కుతుంటే ఇంకొకడు లోపల కూర్చుని కొస లాగేవాడు. కొస వస్తున్న కొద్దీ రబ్బరు పెదవి ఫ్రేము మీదకి ఎక్కేది. ఆలమూరు దగ్గర రోడ్డు పక్కన అర్ధరాత్రి లాంతరు వెలుతురులో వేసుకుని పొద్దుటికి విశాఖపట్నం చేరిన రోజులున్నాయి.

ఎందుకు చెప్తున్నానంటే, ఆ చేతివాటం అలవాటైన పాత మేస్త్రులు కొందరు ఈ కొత్త బళ్ళకి కూడా అలాగే పెట్టేసి వెళ్ళిపోతారు. ఇది అలా కుదరదమ్మా. గ్లాసు మేస్త్రి చెప్పినట్టు చెయ్యి.

వైనతేయ ఒడ్డు
నవంబరు 3, సోమవారం, ఉదయం 6:50

ముద్రలు చూశాను మేస్త్రిగారూ. నాలుగు డోరు అద్దాల మీదా ఒకే కంపెనీ ముద్ర, పక్కన 8 అంకె. ముందద్దం మీద కంపెనీ వేరు, అంకె 1, దాని పక్కన చుక్కలు. అంటే ఇదివరకే ఒకసారి మార్చారా?

కాకినాడ గ్లాసు మేస్త్రి
నవంబరు 3, ఉదయం 7:20

అవునమ్మా, మీరు కొనకముందే మార్చారు. ఆ అంకె తయారైన ఏడాదిలో చివరి అంకె, 2021లో తయారైన అద్దం అది. తప్పేం లేదు. కాకపోతే తీసేటప్పుడు ఫ్రేము జాగ్రత్తగా చూడాలి.

అంతర్వేది టింకరింగ్
నవంబరు 3, ఉదయం 9:40

మాది సఖినేటిపల్లి. మేస్త్రిగారు మెత్తగా చెప్పారు, నేను నేరుగా చెప్తాను. మొదటిసారి అద్దం తీసినవాడు కత్తితో ఫ్రేము పెయింటు గీకి, ప్రైమర్ (జిగురుకి ముందు రాసే పూత) రాయకుండా జిగురు పెట్టేసి ఉంటే, మన సముద్రపు గాలికి ఈ నాలుగేళ్ళలో ఆ గీత తుప్పు పట్టేసి ఉంటుంది. బయటికి కనపడదు. నా దగ్గరికొచ్చే బళ్ళలో రొయ్యల చెరువుల వాళ్ళవి, తీరం వెంట ఊళ్ళవి ఎక్కువ, ఇదే జబ్బు. వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ జాలీ ఉంటుంది చూడండి, దాని రెండు చివర్లలో పెయింటు కింద బుడగలు ఉన్నాయేమో వేలితో తడమండి.

వైనతేయ ఒడ్డు
నవంబరు 3, ఉదయం 10:05

ఎడమవైపు కింద మూల గరుకుగా తగిలిందండి. తుప్పో మట్టో తెలీలేదు.

పాలసీ బాబాయ్
నవంబరు 3, మధ్యాహ్నం 12:30

అమ్మాయీ, అందరూ అద్దం గురించే చెప్తున్నారు, డబ్బు గురించి ఎవరూ అడగలేదు. నీ ఇన్సూరెన్సు ఎదుటివాళ్ళ నష్టానికే ఇచ్చే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటేనా, మన బండికీ ఇచ్చే కాంప్రెహెన్సివా? థర్డ్ పార్టీ ఒక్కటే అయితే పైసా రాదు. ఓన్ డ్యామేజీ, అంటే మన బండి నష్టానికి కట్టే భాగం, ఉంటే తుఫాను నష్టం దాంట్లోకే వస్తుంది, మట్ట పడినా కాయ పడినా సరే. అద్దానికి తరుగుదల కోయరు. రబ్బరు, ప్లాస్టిక్ వస్తువులకి సగం కోస్తారు, ఫైబరుకి 30 శాతం. 1500 సీసీ లోపు కారుకి మొదటి వెయ్యి రూపాయలు మనం పెట్టుకోవాలి, ఆ పైన బండైతే 2,000.

అయితే వెంటనే క్లెయిము వేసెయ్యకు. అద్దానికి ఎంత అడిగారు? నో క్లెయిమ్ బోనస్, అదే క్లెయిము వేయని ఏళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంత నడుస్తోంది?

వైనతేయ ఒడ్డు
నవంబరు 3, మధ్యాహ్నం 2:10

అద్దం, జిగురు, కూలి, రానూపోనూ ఖర్చు కలిపి 6,800 అన్నారు బాబాయ్‌గారూ. బోనస్ 35 శాతం అని రాసి ఉంది. ఓన్ డ్యామేజీ ప్రీమియం బోనస్ తీయకముందు 7,000 చిల్లర.

పాలసీ బాబాయ్
నవంబరు 3, మధ్యాహ్నం 3:00

సరే, లెక్క చూడు. క్లెయిము వేస్తే 6,800లో వెయ్యి పోను 5,800 వస్తాయి. వేయకపోతే జనవరిలో నీ బోనస్ 45 అవుతుంది, ఆ పై ఏడాది 50. వేస్తే జనవరిలో సున్నా, తర్వాత 20, ఆ తర్వాత 25. ఏడు వేల మీద మొదటి ఏడు 3,150 తేడా, రెండో ఏడు 30 శాతం అంటే 2,100, మూడో ఏడు 1,750. మూడేళ్ళకి 7,000 పోగొట్టుకుని 5,800 తెచ్చుకున్నట్టు. బండి పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి తేడా ఇంత ఉండకపోవచ్చు, అయినా లాభమైతే లేదు. అద్దం ఒక్కటే పోయినవాళ్ళు చాలామంది ఈ లెక్క వేసుకోకుండా క్లెయిము పెట్టేసి, రెన్యువల్ కాగితం వచ్చాక ఏజెంటు మీద పడతారు.

నీకు బానెట్టు సొట్ట కూడా ఉంది కాబట్టి అదీ కలుపుకుంటే మారొచ్చు. అన్నిటికన్నా ముందు పాలసీ కాగితం చివర యాడ్-ఆన్‌లు చదువు. నో క్లెయిమ్ బోనస్ ప్రొటెక్షన్ ఉందేమో, ఉంటే క్లెయిము వేసినా బోనస్ పోదు.

వైనతేయ ఒడ్డు
నవంబరు 3, రాత్రి 9:45

మా ఆయన అక్కడి నుంచి పాలసీ పీడీఎఫ్ పంపారు. ఉంది బాబాయ్‌గారూ, ప్రొటెక్షన్ ఉంది, ఏడాదికి ఒక క్లెయిము దాకా అని రాసి ఉంది. ఇన్నాళ్ళూ డబ్బు కట్టడమే తప్ప ఒక్కసారీ చదవలేదు.

పాలసీ బాబాయ్
నవంబరు 4, మంగళవారం, ఉదయం 6:15

అయితే నిశ్చింతగా వెయ్యి. అద్దం, వైపరు, సొట్ట మూడూ ఒకే క్లెయిములో పెట్టు. అద్దం తీయించక ముందే కంపెనీకి చెప్పాలి. సర్వేయరు వచ్చి గానీ వీడియో కాల్‌లో గానీ చూసి సరేనన్నాకే పాతది తీయాలి. తీసేశాక ఫోన్ చేస్తే వాళ్ళు చూడ్డానికి ఏమీ ఉండదు. ఇంటికొచ్చే మేస్త్రి జీఎస్టీ బిల్లు ఇస్తాడా, ఆ బిల్లు మీ కంపెనీ ఒప్పుకుంటుందా, ఈ రెండూ ముందే అడుగు.

భీమవరం చెరువుగట్టు
నవంబరు 4, ఉదయం 11:20

చెల్లెమ్మా, నాకు జరిగింది చెప్తాను. రెండేళ్ళ కిందట జూలైలో మెటల్ లారీ నుంచి రాయి ఎగిరి నా బండి అద్దం పగిలింది. ఇంటికి పిలిపించాను. ఊరూ పేరూ చెప్పను, ఆయన వచ్చేసరికి చినుకులు పడుతున్నాయి. "ఏం పర్లేదండి, గుడ్డతో తుడిచి వేసేద్దాం" అన్నాడు. నాకూ చెరువు దగ్గర మేత బండి వస్తోందని తొందర. సరేనన్నాను. పెట్టేటప్పుడు పుల్లటి వాసన వచ్చింది, ఊరగాయలో వేసే వెనిగర్ వాసన. నేను పట్టించుకోలేదు.

నెల తిరిగేసరికి పాదాల కింద కార్పెట్టు చెమ్మగా ఉండటం మొదలైంది. ఏసీ నీళ్ళేమో అనుకున్నాం. తర్వాత వాసన. కార్పెట్టు ఎత్తి చూస్తే కింద నురుగు మొత్తం నీళ్ళు పీల్చుకుని ఉంది, ఫ్యూజు పెట్టె పిన్నులు పచ్చగా చిలుము పట్టిపోయాయి. రాత్రిపూట హారను దానంతటదే మోగేది. అద్దం మళ్ళీ తీయించి, వైరింగు చూపించి, కార్పెట్టు మార్పించేసరికి అద్దం ఖర్చుకి ఆరింతలు అయింది. ఆ రోజు ఒక పూట ఆగి ఉంటే సరిపోయేది, ఇప్పటికీ అదే బాధ.

కాకినాడ గ్లాసు మేస్త్రి
నవంబరు 4, మధ్యాహ్నం 1:15

చెరువుగట్టు గారూ, ఆ వాసనే మీకు చెప్పాల్సింది చెప్పింది. అది పియు కాదు, బాత్రూము సింకు చుట్టూ పెట్టే సిలికాను. ఆరేటప్పుడు ఎసిటిక్ ఆసిడ్ వదులుతుంది, అది ఇనుముని తినేస్తుంది. పైగా అద్దాన్ని పట్టుకునే బలం దానికి లేదు. అమ్మా, వెనిగర్ వాసన వస్తే పని అక్కడికక్కడే ఆపించండి.

ఇంకో మాట. అన్ని లీకులూ అద్దానివి కావు. వైపర్ల కింద జాలీలో వేపాకులు, కొబ్బరి పీచు చేరి నీళ్ళు పోయే కన్నం మూసుకుంటే నీళ్ళు లోపలికి తిరుగుతాయి. అద్దం మార్చే రోజు జాలీ ఎలాగూ తీస్తారు, ఆ కన్నాలు పుల్లతో పొడిచి శుభ్రం చేయించండి.

పాలకొల్లు టు హైదరాబాద్
నవంబరు 4, సాయంత్రం 6:40

ఒక చిన్న చేర్పు. అద్దం వెనక ఏడాస్ కెమెరా (ముందు రోడ్డు చూసి డ్రైవరుకి సాయం చేసేది) ఉన్న కొత్త బళ్ళవాళ్ళు ఇది చదివి ఇంటికి పిలిపించకండి. అద్దం మారాక కెమెరా చూపుని మళ్ళీ సరిచేసి కాలిబ్రేట్ చేయాలి, దానికి బోర్డులు, కంప్యూటరు కావాలి. నేను సర్వీసు సెంటరులోనే చేయించాను. వైనతేయ గారి బండి 2018ది కాబట్టి ఆ బెంగ లేదు.

వైనతేయ ఒడ్డు
నవంబరు 4, రాత్రి 8:30

మధ్యాహ్నం వీడియో కాల్‌లో సర్వే అయిపోయింది, బిల్లు పంపితే ఖాతాలో వేస్తామన్నారు. రేపు కార్తీక పౌర్ణమి, అమలాపురం మేస్త్రి రానన్నారు. గురువారం పొద్దున 9కి వస్తారు. జిగురు పియు అని ఫోనులోనే చెప్పారు, ట్యూబు ఫొటో కూడా పంపారు, 310 మి.లీ., తేదీ ఇంకా ఏడు నెలలుంది. షెడ్డులో బస్తాలు జరిపించి నీళ్ళు చల్లి ఊడ్చాం.

వైనతేయ ఒడ్డు
నవంబరు 6, గురువారం, మధ్యాహ్నం 12:20

ఎవరైనా ఉన్నారా అండి? అర్జెంటు.

మేస్త్రి, కుర్రాడు 9:15కి వచ్చారు. పని చాలా శ్రద్ధగా మొదలుపెట్టారు. సీట్ల మీద, డాష్‌బోర్డు మీద దుప్పట్లు పరిచారు. జాలీ తీస్తే కింద దోసెడు నల్లమట్టి, వేపాకులు. ఫ్రేము చుట్టూ పెయింటు గీరుకోకుండా టేపు వేశారు. జిగురులోంచి సన్నటి తీగ దూర్చి, ఒకరు లోపల, ఒకరు బయట ఉండి రంపం లాగినట్టు చుట్టూ కోశారు. అద్దానికి రబ్బరు కప్పులు అతికించి ఎత్తేశారు. అంతా బాగానే ఉంది.

ఎడమ కింద మూల జిగురు దానంతటదే పొరలా ఊడొచ్చింది. కింద జానెడు పొడవున తుప్పు. గోరు పెడితే పొలుసులుగా రాలుతోంది. పాత కత్తి గీతలు వరసగా కనిపిస్తున్నాయి, ఫొటో పెట్టాను. మేస్త్రి పని ఆపేశారు. "అమ్మా, దీని మీద పెడితే అద్దం తుప్పుకి అంటుకుంటాది గానీ బండికి అంటుకోదు. ఇది గీకి, మందు రాసి, రాత్రంతా ఆరబెట్టాలి, రేపు మధ్యాహ్నం వేస్తాను" అంటున్నారు. రేపు పొద్దున్నే కదా మేము కాకినాడ వెళ్ళాల్సింది! నాకు చాలా కోపం వచ్చి గట్టిగా మాట్లాడాను. ఇప్పుడు ఆయన అరుగు మీద కూర్చున్నారు. ఏం చేయమంటారు?

అంతర్వేది టింకరింగ్
నవంబరు 6, మధ్యాహ్నం 12:31

ఫొటో చూశాను. కన్నం పడలేదు, పైపై తుప్పే. అదృష్టం. ఇప్పుడు పట్టుకున్నారు కాబట్టి గీకితే పోతుంది, ఇంకో రెండేళ్ళు ఆగితే రేకు కోసి అతుకు వెయ్యాల్సొచ్చేది. తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకించి ఎపాక్సీ ప్రైమర్ రాయించండి. రాత్రంతా ఆరనివ్వండి. ఆ మనిషిని పంపెయ్యకండి.

కాకినాడ గ్లాసు మేస్త్రి
నవంబరు 6, మధ్యాహ్నం 12:40

అమ్మా, ఆయనకి లోపలికి పిలిచి భోజనం పెట్టండి. తుప్పు మీద జిగురు పూసి, టేపు వేసి, డబ్బు తీసుకుని వెళ్ళిపోతే మీకు తెలిసేదే కాదు. తెలిసేసరికి ఎక్కడ ఉండేవారో! రెండోసారి రావడానికి పెట్రోలు ఖర్చు ఆయనదే, అయినా ఆపాడు. అలాంటి మేస్త్రి దొరకడమే కష్టం.

రావులపాలెం టాక్సీ
నవంబరు 6, మధ్యాహ్నం 12:44

అక్కా, రేపు పొద్దున 6కి మీ ఊరు నేనొస్తాను. అత్తయ్యగారిని కాకినాడ తీసుకెళ్ళి తీసుకొచ్చే పూచీ నాది. డీజిలు డబ్బులివ్వండి చాలు. మీ నంబరు మెసేజీలో పెట్టండి.

వైనతేయ ఒడ్డు
నవంబరు 6, రాత్రి 9:00

రావులపాలెం తమ్ముడూ, నీ రుణం తీర్చుకోలేను. మేస్త్రిగారికి క్షమాపణ చెప్పాను. అత్తయ్యగారు పులస దొరికే రోజులు కావని బాధపడుతూ రొయ్యల ఇగురు వండి పెట్టారు. తిన్నాక ఇద్దరూ కలిసి ఇసుక కాగితంతో గంటసేపు రుద్దారు. ఎర్రటి మచ్చ పోయి వెండిలా మెరిసేదాకా ఆపలేదు. ఎపాక్సీ రాసి, ఖాళీ అద్దం చోటంతా పాలిథీన్ కప్పి వెళ్ళారు. తుప్పు పనికి 900 వేరే. అది ఇన్సూరెన్సులోకి రాదని బాబాయ్‌గారు మెసేజీ పెట్టారు, న్యాయమే.

వైనతేయ ఒడ్డు
నవంబరు 8, శనివారం, ఉదయం 10:30

నిన్న అద్దం పడిందండి. వరసగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

పొద్దున తమ్ముడి బండిలో కాకినాడ వెళ్ళి రెండింటికల్లా వచ్చేశాం, అత్తయ్యగారి కన్ను బాగుందన్నారు. మేస్త్రి మూడింటికి వచ్చారు. పాత జిగురుని మొత్తం పీకలేదు, బ్లేడుతో పల్చటి పొర మిగిలేలా కోశారు. కొత్త జిగురు దాని మీదే బాగా పడుతుందట. గీతలు పడ్డచోట, ఎపాక్సీ మీద నల్ల ప్రైమర్ రాశారు. కొత్త అద్దాన్ని దుప్పటి మీద బోర్లించి, చుట్టూ నల్ల అంచుని తుడిచి దాని మీదా ప్రైమర్. ఆ అంచుని చేత్తో ముట్టుకోనివ్వలేదు, వేలి జిడ్డు అంటినా జిగురు పట్టదని. డబ్బా మీద రాసినన్ని నిమిషాలు గడియారం చూసుకుని ఆగారు.

తర్వాత గన్ను తీసుకున్నారు. ముక్కు చివర వి ఆకారంలో కోసుకున్నారు. జిగురు గుండ్రంగా కాకుండా మూడు మూలల గట్టులా నిలబడి వచ్చింది, మా కాలువగట్టులాగే. మూలల్లో కూడా ఎక్కడా తెగకుండా ఒకే తీగ. మా పాప ఏదో అడగబోతే నేను నోరు మూశాను. ఇద్దరూ చెరో వైపు రబ్బరు కప్పులు పట్టుకుని, ముందే వేసుకున్న టేపు గుర్తుల మీద అద్దాన్ని దించారు. అరచేతులతో చుట్టూ నెమ్మదిగా నొక్కారు. పైన మూడు టేపులు. టైము 4:25.

జిగురు కాగితంలో రెండు గంటలు అని ఉంది, ఆయన మాత్రం రేపటిదాకా బండి తీయొద్దన్నారు, తీయలేదు. ఒక డోరు అద్దం రెండంగుళాలు దించి ఉంచమన్నారు, అన్నీ మూసి డోరు గట్టిగా వేస్తే లోపలి గాలి కొత్త అద్దాన్ని బయటికి తోస్తుందట. రెండు రోజులు ప్రెజరు వాష్ వద్దన్నారు. ఈ పొద్దున టేపులు తీసి పక్కవీధి దాకా నడిపాను. ఎదురుగా అంతా కొత్తగా కనిపిస్తోంది.

భీమవరం చెరువుగట్టు
నవంబరు 8, ఉదయం 11:15

చాలా సంతోషం చెల్లెమ్మా. లీకు చూశావా?

వైనతేయ ఒడ్డు
నవంబరు 8, మధ్యాహ్నం 12:00

సోమవారం చూస్తాను అన్నయ్యగారూ. రెండు రోజులు ఆగమన్నారు కదా.

రావులపాలెం టాక్సీ
నవంబరు 9, ఆదివారం, రాత్రి 7:30

అక్కా, ఫాస్టాగ్ మర్చిపోకండి. పాతది అద్దం మీద నుంచి పీకితే పాడైపోతుంది, మళ్ళీ పనిచేయదు. మీ బ్యాంకు యాప్‌లో రీప్లేస్‌మెంట్ పెట్టండి, బ్యాలెన్సు అదే ఉంటుంది. ఇంకో బ్యాంకులో కొత్తది తీసుకోకండి, ఒక బండికి ఒకే ట్యాగు. చేత్తో పట్టుకుని చూపిద్దాం అనుకోకండి, అద్దానికి అంటించని ట్యాగుల్ని బ్లాక్‌లిస్టులో పెడుతున్నారు. ఈ నవంబరు 15 నుంచి రూలు మారుతోంది, ట్యాగు పనిచేయకపోతే టోలు నగదుకి రెట్టింపు, యూపీఐకి 1.25 రెట్లు. ఈతకోట టోలుగేటు దగ్గర రోజూ ఈ గొడవలు చూస్తూనే ఉన్నాను.

వైనతేయ ఒడ్డు
నవంబరు 10, సోమవారం, సాయంత్రం 5:50

ట్యాగు పెట్టాను తమ్ముడూ, వారంలో వస్తుందన్నారు.

అన్నయ్యగారూ, లీకు చూశాం. నేను లోపల టార్చి పట్టుకుని ఎడమ మూల దగ్గర టిష్యూ కాగితం అదిమి కూర్చున్నాను. అత్తయ్యగారు బయట కళ్ళద్దాలు పెట్టుకునే, రెండు బిందెల నీళ్ళు చెంబుతో మెల్లగా అద్దం పైఅంచు నుంచి పోశారు. "ఏమే, తడిసిందా?" అని ప్రతి చెంబుకీ అడుగుతూ. కాగితం పొడిగా ఉంది. కార్పెట్టు కింద చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. నీళ్ళన్నీ జాలీ కింద కన్నంలోంచి ముందు టైరు వెనక ధారగా పోయాయి.

అంతర్వేది టింకరింగ్
నవంబరు 10, రాత్రి 8:05

బాగుందమ్మా. ఆ జాలీ కింద ఆకులు వానాకాలం ముందోసారి, కార్తీకం వెళ్ళాక ఓసారి తీయించు. బానెట్టు సొట్టకి ఇటు వస్తానంటే పంటు (రేవు దాటించే పడవ) మీద నరసాపురం వైపు వెళ్ళే రోజు చెప్పు, సగం పూటలో తీసిస్తాను.

వైనతేయ ఒడ్డు
నవంబరు 10, రాత్రి 8:20

వచ్చే బుధవారం వస్తామండి. అత్తయ్యగారు అంతర్వేది స్వామి దర్శనం చేసుకోవాలంటున్నారు, పొద్దున్నే బండి మీ దగ్గర పెట్టి వెళ్తాం.